కోడిపిల్లల్ని తేవాలంటే అదను చూడండి!

“మాకు కోళ్ళు అచ్చిరావండీ! ఇరవై పిల్లల్ని తెస్తే పదిహేను రోజుల్లో నాలుగు మిగిలాయి. ఆ నాలుగూ గద్ద పాలు.” పల్లెల్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినిపిస్తూనే వుంటుంది. దిష్టి తగిలిందని కొందరు, తెచ్చిన చెయ్యి మంచిది కాదని కొందరు సరిపెట్టుకుంటారు. చివరికి కోళ్ళ గంప అటకెక్కుతుంది. ఇంటి గుడ్డు కాస్తా కొట్టు గుడ్డయిపోతుంది.

ఇలా అనేవాళ్ళని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: “పిల్లల్ని ఏ నెలలో తెచ్చారమ్మా?” వేసవి సెలవుల్లో పిల్లలు మారాం చేస్తే కొన్నామనో, తొలకరి పడగానే వీధిలోకి గంప వచ్చిందనో చెబుతారు. అసలు కిటుకు అక్కడే వుంది. విత్తనానికి అదను వున్నట్టే కోడిపిల్లకీ ఓ అదను వుంది. అచ్చిరావడం, రాకపోవడం చాలావరకు ఆ అదనులోనే తేలిపోతుంది.

పెరట్లో పది కోళ్ళంటే ఇల్లాలికి చిన్న విషయం కాదు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఎదిగే పిల్లలకి రోజుకో గుడ్డు, వచ్చిన చుట్టానికి ఓ పుంజు, మిగిలిన గుడ్లు అమ్ముకుంటే ఎవర్నీ అడగక్కర్లేని నాలుగు డబ్బులు. ఇదంతా మొదటి ఆరు వారాల మీద ఆధారపడి వుంటుంది.

రెండే రెండు లెక్కలు

గోడ మీది క్యాలెండరు దించి ముందు పెట్టుకోండి. పిల్లల్ని తెచ్చే రోజు నుంచి ఆరు వారాలు లెక్కపెట్టండి. ఇది పిల్ల బతికే లెక్క. అదే రోజు నుంచి ఆరు నెలలు లెక్కపెట్టండి. ఇది గుడ్డు పెట్టే లెక్క.

మొదటి ఆరు వారాల్లో వడగాలి, ముసురు, గట్టి చలి, ఈ మూడింట్లో ఏదీ పిల్లకి తగలకూడదు. ఆరు నెలలు నిండేసరికి చల్లని వాతావరణం, పెరట్లో బోలెడంత మేత వుండాలి. ఈ రెండూ కలిసొచ్చే నెలే మంచి నెల.

ఆరు వారాలే ఎందుకంటారా? గుడ్డులోంచి వచ్చిన పిల్లకి వుండేది నూగు మాత్రమే, ఈకలు కాదు. తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. అందుకే తల్లి రెక్కల కింద దూరుతుంది. తల్లి లేని పిల్లకి మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం మనమే ఇవ్వాలి. ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. అయిదారు వారాలకి ఈకలు నిండుతాయి. అప్పుడిక వెచ్చదనం కోసం మన మీద ఆధారపడదు.

వేసవిలో ఎందుకొద్దు?

“వెచ్చదనమే కదా కావలసింది, ఎండాకాలం అయితే బల్బు ఖర్చు కూడా వుండదు” అని కొందరు తెలివిగా అనుకుంటారు. మొదటి వారం ఆ మాట కొంత నిజమే. కానీ మన ఎండ 35 దగ్గర ఆగదు గదా! భరణి, కృత్తిక కార్తెలు వచ్చేసరికి 42, 43 దాటుతుంది. రోళ్ళు పగిలే రోహిణి సంగతి చెప్పనే అక్కర్లేదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లోని నీటిని ఆవిరి చేసుకుని చల్లబడాలి. అరచేతిలో ఇమిడే పిల్లలో ఎంత నీరుంటుంది? రెండు గంటలు నీళ్ళగిన్నె ఎండిపోతే చాలు, సాయంత్రానికి మెడలు వాల్చేస్తాయి.

పైగా కొక్కెర తెగులు ఎక్కువగా కనిపించేది కూడా ఎండాకాలంలోనే. మార్చి నెలాఖరులో తెచ్చిన పిల్లకి ఆరు వారాలు నిండేది మే మొదటి వారంలో. అంటే అది ఈకలు తొడుక్కునే వయసంతా ఎండలు ముదిరే రోజుల్లోనే. కాబట్టి మార్చి రెండో వారం నుంచి జూన్ రెండో వారం దాకా పిల్లల జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

తొలకరి కూడా ఊరించేదే

మృగశిర కార్తెతో వాకిళ్ళు చల్లబడతాయి. పురుగూ పుట్రా, పచ్చగడ్డీ కళకళలాడతాయి. పిల్లల్ని తేవడానికి ఇంతకన్నా మంచి రోజులేముంటాయి అనిపిస్తుంది. పెద్దకోడికి అవి పండగ రోజులే గాని, పసిపిల్లకి గండం. కింద పరిచిన ఊక తడిస్తే రక్తపారుడు వ్యాధి సూక్ష్మజీవులు దాంట్లోనే బలపడతాయి. పిల్లలు ముడుచుకు కూర్చుని నెత్తురు రెట్ట వేస్తాయి. మూడు నాలుగు వారాల పిల్లల్లో ఇది ఎక్కువ. తడిసిన నూకల్లో, తవుడులో బూజు పట్టి మరో సమస్య.

సంక్రాంతికి పుంజులు చేతికి రావాలని జూలైలో తెచ్చేవాళ్ళున్నారు. ఆరు నెలల లెక్క వాళ్ళకి సరిగ్గా కుదురుతుంది. కానీ కురవని కప్పు, నేలకి రెండడుగుల ఎత్తున గూడు, రోజూ ఊక తిరగేసే ఓపిక, ఈ మూడూ వుంటేనే ఆ పని పెట్టుకోవాలి.

దసరా నుంచి కార్తీకం దాకా

వానలు వెనకబట్టి, నేల ఆరి, చలి ఇంకా ముదరని రోజులివి. అక్టోబరు మధ్యలో తెచ్చిన పిల్లకి నవంబరు నెలాఖరుకి ఈకలు నిండుతాయి. సరిగ్గా అప్పుడే వరి కోతలు. కళ్ళంలో రాలిన గింజలు ఏరుకుని కోళ్ళు వాటంతటవే బలుస్తాయి. పిల్ల బతికే లెక్క చక్కగా కుదిరింది.

మరి గుడ్డు లెక్క? అక్టోబరు పిల్ల గుడ్డుకి వచ్చేది ఏప్రిల్లో. కొత్తగా గుడ్డు పెట్టే పెట్టకి ఆ ఎండ పెద్ద పరీక్ష. రొప్పడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, పెంకు తయారయ్యే పదార్థం చాలదు. మేత కూడా సరిగా ముట్టదు. అందుకే వేసవిలో గుడ్లు చిన్నవిగా, పెంకు పలచగా వస్తుంటాయి. నీడ, చల్లని నీళ్ళు, ఆల్చిప్పల పొడి అందిస్తే నెట్టుకురావచ్చు. జూన్ జల్లులు పడగానే గుడ్లు పుంజుకుంటాయి.

సంక్రాంతి వెళ్ళాక, శివరాత్రి లోపు

మన పెరటి కోళ్ళకి అన్నిటికన్నా కలిసొచ్చే కాలం ఇదే. జనవరి 25న పిల్లల్ని తెచ్చారనుకోండి. మొదటి రెండు వారాలూ రాత్రి చలికి బల్బు పెడతారు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. పిల్లకి వేడి అవసరం తగ్గుతున్న కొద్దీ బయట చలి కూడా తగ్గుతుంది. మార్చి 8కి ఆరు వారాలు నిండి ఈకలు వచ్చేస్తాయి. రోహిణి కార్తె నాటికి నాలుగు నెలల పడుచు కోళ్ళు. నీళ్ళు వెతుక్కుని తాగగలవు, నీడ చూసుకుని కూర్చోగలవు. గుడ్డు పెట్టే భారం కూడా అప్పటికి లేదు.

తొలకరికి పెరడంతా పురుగులు, చెదలు, లేత గడ్డి. గుడ్డు పెట్టబోయే కోడికి కావలసిన మాంసకృత్తులు మనం కొనకుండానే దొరుకుతాయి. జూలై నెలాఖరుకి మొదటి గుడ్డు. దసరాకి పుంజులు కోతకి సిద్ధం. నవంబరులో కళ్ళం గింజలు. రెండు లెక్కలూ ఇంత చక్కగా కుదిరే కాలం ఏడాదిలో మరొకటి లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం వుంది. బర్డ్‌ఫ్లూ బయటపడేది ఎక్కువగా చలికాలంలోనే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో దాన్ని నిర్ధారించారు. అందుకని ఈ రోజుల్లో పిల్లల్ని కొనేముందు దగ్గర్లోని పశువైద్యశాలలో ఒక మాట అడగండి. చుట్టుపక్కల కోళ్ళు చచ్చిపోతున్నాయని వింటే ఆగిపోండి. నాలుగు వారాలు ఆలస్యమైతే వచ్చే సంవత్సరం చూసుకోవచ్చు, పోయిన కోళ్ళు మాత్రం తిరిగిరావు.

మీ ఊరెక్కడ?

మన రెండు రాష్ట్రాల్లో వాతావరణం ఒక్కలా వుండదు. కాబట్టి తేదీలు కాస్త అటూ ఇటూ జరుపుకోవాలి.

నెల్లూరు, తిరుపతి, ప్రకాశం వైపు: అక్టోబరు, నవంబరు నెలల్లోనే అసలు వానలు. దసరా అదను మీకు పనికిరాదు. సంక్రాంతి తర్వాతే తెచ్చుకోండి.

కోస్తా తీరం: అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. బల్బు ఆరిన రాత్రి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోతాయి. మీకూ జనవరి నెలాఖరే మేలు.

రాయలసీమ మెట్ట: సెప్టెంబరు, అక్టోబరు వానలు తగ్గాక నవంబరు బాగుంటుంది. ఎండలు తొందరగా ముదురుతాయి కనుక కొత్త సంవత్సరంలో అయితే జనవరి దాటనివ్వకండి.

తెలంగాణ: హైదరాబాదు, వరంగల్, నల్లగొండ వైపు అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకూ, మళ్ళీ జనవరి నెలాఖరు నుంచీ మంచిదే. ఆదిలాబాదు వైపు చలి గట్టిది. అక్కడివాళ్ళు ఫిబ్రవరి మొదటి వారం దాకా ఆగండి.

అరకు, పాడేరు మన్యం: డిసెంబరు, జనవరి చలి పిల్లల్ని బతకనివ్వదు. వేసవి చల్లగా వుంటుంది కాబట్టి ఫిబ్రవరి నెలాఖరు నుంచి మార్చి అంతా మీకు మంచి అదను.

ఇంగ్లీషు పుస్తకాల్లో, ఫోను వీడియోల్లో “మార్చి, ఏప్రిల్ నెలల్లో పిల్లల్ని తెచ్చుకోండి” అని చెబుతుంటారు. అది చలిదేశాల మాట. అక్కడ మంచు కరిగి, పొద్దు పెరిగే కాలం అది. కోడి గుడ్డు పెట్టడానికి పొద్దు పొడుగు ముఖ్యం. వాళ్ళకి చలికాలపు పగలు ఎనిమిది గంటలే వుంటే, వేసవిలో పదహారు గంటలుంటుంది. మనకి అతి చిన్న పగలు 11 గంటలు, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. ఆ తేడా మనకి చిన్నది. మనం చూసుకోవలసింది ఎండనీ, వాననీ.

ఏ పిల్లలు తేవాలి?

నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. కానీ పొదుగుతుంది, పిల్లల్ని కాపాడుకుంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్ వారు పెరటి పెంపకానికే వనరాజ, గ్రామప్రియ రకాల్ని రూపొందించారు. వనరాజ మాంసానికీ గుడ్డుకీ రెండిటికీ పనికొస్తుంది. పెరట్లో ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్లకి ముందు, బాగా చూసుకుంటే 160 దాకా ఇస్తుంది. అయితే ఇవి సాధారణంగా పొదగవు. పిల్లలు కావాలంటే గుడ్లని నాటుకోడి కింద పెట్టాల్సిందే.

రోజు వయసు పిల్లల్లో పెట్ట ఏదో పుంజు ఏదో మనకి తెలియదు. సగం సగం అనుకోవాలి. గ్రామప్రియ పిల్లలు 20 తెస్తే పది పెట్టలు. రెండు పోయినా ఎనిమిది నిలుస్తాయి. ఒక్కోటి 160 గుడ్లు పెడితే ఏడాదికి 1,280. అంటే రోజుకి మూడు, నాలుగు గుడ్లు. నలుగురున్న ఇంటికి చాలదూ!

ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసి వీధుల్లో అమ్మే పిల్లల్ని చూసి మోసపోకండి. అవి చాలావరకు గుడ్ల కోళ్ళ హేచరీల్లో ఏరి పారేసిన పుంజుపిల్లలు. గుడ్డు పెట్టవు, మాంసానికీ తొందరగా ఎదగవు. ముద్దుగా వున్నాయని పిల్లలు అడిగితే, విషయం వాళ్ళకే చెప్పండి. అర్థం చేసుకుంటారు.

హేచరీకి ముందుగా చెప్పి వుంచాలి. గుడ్డు పొదగడానికే 21 రోజులు పడుతుంది. జనవరి నెలాఖరుకి కావాలంటే డిసెంబరులోనే అడగండి. నాలుగైదు వారాలు పెంచిన పిల్లలు దొరికితే ఖర్చు కాస్త ఎక్కువైనా మొదటిసారి పెంచేవారికి అవే నయం. వాటిని ఫిబ్రవరి నెలాఖరున తెచ్చుకున్నా ఇబ్బంది లేదు.

నాటుకోడిని పొదగెయ్యాలంటే

పొదుగుడుకొచ్చిన కోడి ఎప్పుడు కూర్చుంటే అప్పుడే గుడ్లు పెట్టెయ్యడం మనకి అలవాటు. ఇక్కడా అదే లెక్క. పిల్లలు జనవరి నెలాఖరుకి కావాలంటే సంక్రాంతికి పది రోజుల ముందే పొదగెయ్యాలి. ఒక కోడి కింద 10, 12 గుడ్లకి మించి పెట్టకండి. వారం లోపు గుడ్లే ఏరండి.

ఎండాకాలంలో గుడ్లు ఎందుకు మురుగుతాయో తెలుసా? గది వేడి 27 డిగ్రీలు దాటితే గుడ్డులోని పిండం కోడి కూర్చోకుండానే కాస్త కాస్త ఎదగడం మొదలెడుతుంది. చాలినంత వేడి లేక మధ్యలోనే చచ్చిపోతుంది. అందుకే ఏరిన గుడ్లని తడి ఇసుక మీద వుంచిన మట్టికుండలో, సన్నటి కొన కిందికి వుండేలా దాచాలి. ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చిలైటు ముందు పెట్టి చూడండి. ఎర్రని నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల వున్నట్టు. ఖాళీగా కనిపించిన గుడ్లని తీసెయ్యండి.

పిల్లలు రాకముందే ఇవి సిద్ధం చెయ్యండి

· గుండ్రటి చుట్టు: అట్టతోగాని తడికతోగాని అడుగున్నర ఎత్తు చుట్టు కట్టండి. మూలలుంటే పిల్లలు అక్కడ గుమిగూడి నలిగిపోతాయి.

· పరుపు: రెండంగుళాల మందాన ఆరిన వరి ఊక. మొదటి మూడు రోజులూ పైన కాగితం పరవండి, లేకపోతే ఊకనే తినేస్తాయి.

· వెచ్చదనం: పిల్లకి రెండు వాట్ల లెక్కన పాత రకం తీగ బల్బు. పాతిక పిల్లలకి 60 వాట్ల బల్బు సరిపోతుంది. ఇప్పుడు ఇళ్ళల్లో వుంటున్న ఎల్‌ఇడి బల్బులు వెలుగిస్తాయే గాని వెచ్చదనం ఇవ్వవు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, ఆ వాయువు మనుషులకే ప్రమాదం.

· కరెంటు పోతే: సీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి.

· మొదటి ఆహారం: రాగానే నీళ్ళు. లీటరు నీటిలో గుప్పెడు పంచదార కలిపి ఇవ్వండి. రెండు మూడు గంటల తర్వాత మొక్కజొన్న రవ్వ, ఆ మర్నాటి నుంచి పిల్లల దాణా.

వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపు కట్టి కీచుకీచుమంటుంటే చలి. బల్బుకి దూరంగా జరిగి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒక పక్కకే చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందన్నమాట. అంతటా పరుచుకుని తింటూ, పడుకుంటూ వుంటే మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

టీకాలు మరిచిపోకండి

అదను కుదిరింది కదా అని టీకా మానెయ్యకూడదు. 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులుకి లాసోటా చుక్క కంట్లోగాని ముక్కులోగాని. 14వ రోజు గంబోరో వ్యాధికి. 28వ రోజు మళ్ళీ లాసోటా. ఆరేడు వారాలకి మశూచి టీకా. 8 నుంచి 10 వారాల మధ్య ఆర్‌టుబి సూది. జనవరి 25న తెచ్చిన పిల్లలకి ఈ చివరి సూది మార్చి నెలాఖరులో పడుతుంది. అంటే ఎండలు, కొక్కెర తెగులు ముదిరే ముందే రక్షణ వచ్చేస్తుందన్నమాట. సీసా విప్పితే వంద కోళ్ళకి వస్తుంది కాబట్టి, వీధిలో నలుగురు ఇల్లాళ్ళు ఒకే వారంలో పిల్లల్ని తెచ్చుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. మందుని ఐసు మీదే తేవాలి, చల్లటి పూటే వెయ్యాలి.

అదను తప్పి తెచ్చేశారా?

కంగారు పడకండి. ఎండాకాలమైతే తెల్లవారుజామునే తీసుకురండి. మట్టి మూకుళ్ళలో రోజుకి నాలుగుసార్లు నీళ్ళు మార్చండి. మధ్యాహ్నం మేత తీసేసి పొద్దున, సాయంత్రం పెట్టండి. రేకుల కప్పయితే పైన తడిపిన గడ్డి వెయ్యండి. వానాకాలమైతే తడిసిన ఊకని ఆ పూటే ఎత్తి పారేసి కొత్తది పరవండి. నెత్తురు రెట్ట కనిపించిన రోజే పశువైద్యుణ్ణి అడిగి నీళ్ళలో మందు కలపండి. మర్నాటికి వాయిదా వేస్తే గంపెడు పిల్లలూ పోతాయి.

ఇంకా తేని వాళ్ళు మాత్రం ఇవాళే ఓ పని చెయ్యండి. క్యాలెండరులో డిసెంబరు పేజీ తీసి, మొదటి ఆదివారం దగ్గర “పిల్లలకి చెప్పాలి” అని రాయండి. జనవరి నెలాఖరున “పిల్లలు” అనీ, జూలై నెలాఖరున “మొదటి గుడ్డు” అనీ రాసుకోండి. గూడు బాగుచెయ్యడానికీ, ఊక ఎండబెట్టడానికీ, పక్కింటి వదినగారిని తోడు పిలుచుకోవడానికీ బోలెడంత టైముంటుంది!